పైపొర మానితే చాలదు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి, విశ్రాంత శస్త్రవైద్యుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్లు నిండిన బడిలో నిలబడి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరినప్పుడు ఏమి చెప్పవలెనా అని చాలా దినాలు ఆలోచించాను. బడి చరిత్ర చెప్పడానికి నాకంటే యోగ్యులు ఇక్కడ ఉన్నారు. తెలుగు భాషా వైభవాన్ని వర్ణించడానికి పండితులున్నారు. నాకు తెలిసిన విద్యలు రెండే: కోయడం, కుట్టడం. ఆ రెంటినీ గురించే మాట్లాడుతాను. కత్తి చర్మాన్ని తాకిన క్షణం నుండి లోపలి అవయవాన్ని చేరేవరకు ఏయే పొరలను దాటుతుంది, తిరిగి వచ్చేటప్పుడు వాటిలో ఏది ఎప్పుడు మానుతుంది అన్నదే నా విషయం. ఇది వైద్యులకు మాత్రమే కావలసిన సంగతి అని అనుకోవద్దు. ఈ సభలో కూర్చున్నవారిలో పొట్టమీదో, నడుముమీదో కుట్ల గుర్తు లేని కుటుంబం ఉండదు.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకొంటాను.

నేను శస్త్రవైద్యుడనైన తొలి సంవత్సరాలలో మన ప్రాంతపు నేతగాడు ఒకాయన కడుపులో పుండు పగిలి నా వద్దకు వచ్చాడు. రాత్రికి రాత్రే పొట్ట నడిమిన నిలువుగా కోసి, ఆ రంధ్రాన్ని మూసి కుట్టాను. ప్రాణం దక్కింది. పదవ నాడు కుట్లు విప్పితే చర్మం చక్కగా అతుక్కొని ఉంది. ఆయన చేతులు జోడించి వెళ్ళిపోయాడు. మూడు వారాలకు మళ్ళీ గుంత మగ్గంలో దిగి కాళ్ళతో తొక్కనారంభించాడు. ఎనిమిది నెలల తరువాత తిరిగి వచ్చినప్పుడు పంచె సడలించి చూపించాడు. పాత మచ్చ మీదుగా బత్తాయి పండంత ఉబ్బు. లోపలి గోడ విడిపోయి ప్రేగు చర్మం క్రిందికి వచ్చి కూర్చున్నది. దీనినే హెర్నియా అంటారు. “ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదన్నా?” అని కొంచెం కసిరినట్లుగానే అడిగాను. ఆయన, “పైన మానిపోయింది గదా సామీ, లోపలా మానిందనుకున్నాను. మీరేమీ చెప్పలేదు గదా” అన్నాడు.

చెప్పలేదన్న మాట నిజం. అనుమతి పత్రం మీద ఆయన వేలిముద్ర ఉంది. ఆ పత్రం ఇంగ్లీషులో ఉంది. ఆయన తెలుగువాడు, నేనూ తెలుగువాడినే, పైగా తెలుగు బడిలో చదివినవాడిని. అయినా ఆ ఒక్క సంగతి మా ఇద్దరికీ తెలిసిన భాషలో నా నోట రాలేదు. ఆనాడు చెప్పనిది ఈనాడు మీకు చెప్పడానికే వచ్చాను.

ఈ బడిలో మా సైన్సు ఉపాధ్యాయుల వారు నల్లబల్లమీద మూడు గీతలు గీచి బాహ్యచర్మం, అంతశ్చర్మం, క్రొవ్వు పొర అని వ్రాయించారు. తరువాత వైద్య కళాశాలలో శవచ్ఛేదనశాల గడప దాటినప్పుడు పేర్లు మాత్రం కొత్తవి, వస్తువులు నాకు పరిచయమైనవే. ఆ మూడు గీతలకు మన పూర్వికులలో ఇంకా పెద్ద లెక్క ఉంది. సుశ్రుతుడు చర్మానికి ఏడు పొరలని చెప్పి అవభాసిని మొదలు మాంసధర వరకు వాటికి పేర్లు పెట్టాడు. కాగే పాలమీద మీగడ తెట్టెలు కట్టినట్లు అవి ఏర్పడతాయని పోల్చాడు. మృతదేహాన్ని గడ్డిలో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నానవేసి, వట్టివేళ్ళ కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ పొర తరువాత పొరను కంటితో చూడవలెనన్నాడు. రోగిమీద కత్తి పెట్టకముందు గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద చేయి తిప్పుకోవాలన్నాడు. పొరలను తెలియనివాడు కత్తి పట్టరాదన్న నియమం అంత పాతది.

చర్మంలో అసలు బలమెక్కడ ఉన్నదో మన జిల్లాలవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పేర్నంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోళ్ళ పరిశ్రమకు పేరుపొందిన ఊళ్ళు. అక్కడ తోలును సున్నపు నీళ్ళలో నానవేసి వెంట్రుకలను, పైపొరను తీసివేస్తారు. అడుగున అంటుకొన్న మాంసపు పీచును గీకివేస్తారు. నడుమ మిగిలినదే అంతశ్చర్మం. చెప్పుగా ఏండ్ల తరబడి మన బరువు మోసేది అదే. కొల్లాజన్ అనే పీచు పడుగు పేకల వలె అల్లుకొని ఉండడమే దాని బలం. 1861లో వియన్నా నగరంలో కార్ల్ లాంగర్ అనే వైద్యుడు మృతదేహాల చర్మం మీద గుండ్రని మొనగల సాధనంతో పొడిచి చూస్తే రంధ్రాలు గుండ్రంగా నిలువక కోలగా సాగినవి. చర్మం ఒక్కొక్క చోట ఒక్కొక్క దిక్కుకు లాగబడి ఉంటుందన్నమాట. ఆ లాగుడు వెంబడి కోస్తే మచ్చ సన్నగా మానుతుంది, అడ్డంగా కోస్తే వెడల్పవుతుంది. గుడ్డ నేత తెలిసి కత్తెర వేసే దర్జీ పనివంటిదే ఇది.

ఇక పొట్ట నడిమి కోతను చూద్దాం. బాహ్యచర్మం తెగినప్పుడు నెత్తురు రాదు, అందులో రక్తనాళాలు లేవు. అంతశ్చర్మం తెగగానే ఎర్రని చుక్కలు వరుసగా పుట్టుకొస్తాయి. దాని క్రింద పసుపుపచ్చని క్రొవ్వు. ఒకరికి వ్రేలి మందం, మరొకరికి జానెడు. క్రొవ్వుకు రక్త సరఫరా తక్కువ కనుక చీము పట్టే అవకాశం అక్కడ ఎక్కువ. దానిని దాటగానే తెల్లగా, మెరుస్తూ, గట్టిగా ఒక పొర కనబడుతుంది. రొమ్ము ఎముక కొన నుండి పొత్తికడుపు అడుగు ఎముక వరకు నిలువుగా సాగే పట్టీ అది. పొట్టకు ఇరుప్రక్కలా ఉన్న కండరాల చివరి పీచులన్నీ అక్కడికి వచ్చి ఒకదానిలో ఒకటి అల్లుకొంటాయి. ఇటువంటి గట్టి పొరలను వైద్యులు ఫేసియా అంటారు. నా రోగులతో మాట్లాడేటప్పుడు నేను దానికి ‘మోతపొర’ అని పేరు పెట్టుకొన్నాను. మనం దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా, బిడ్డను చంకనెత్తుకొన్నా లోపలి ఒత్తిడినంతా మోసేది ఆ పొరే.

నడిమి పట్టీలో కండరం లేదు, రక్తనాళాలు బహు కొద్ది. అందుచేత అక్కడ కోస్తే నెత్తురు తక్కువ, లోపలికి పోవడం త్వరగా అవుతుంది. ప్రాణాపాయ సమయంలో శస్త్రవైద్యులు ఆ దారిని ఎన్నుకోవడానికి కారణం అదే. ఆ సౌకర్యానికి వెల కూడ ఉంది. రక్తం తక్కువగా అందే చోట మానుదల నెమ్మది. మోతపొర క్రింద ఒక పలుచని పొర, కొంచెం క్రొవ్వు, ఆ తరువాత ఆంత్రవేష్టనం, అనగా పెరిటోనియం. ఉల్లిపొర వలె పలుచగా, తడిగా మెరుస్తుంది. దానిని రెండు పట్టకార్లతో పైకెత్తి, ప్రేగు చిక్కుకోలేదని వ్రేళ్ళతో తడిమి చూచి, చిన్న గాటు పెడతాము. అక్కడితో లోపలి గది తెరుచుకొంటుంది.

ఈ పొరలు మానే వరుసను గుర్తుంచుకోండి. అన్నిటికంటె లోపలిదైన ఆంత్రవేష్టనం కొద్ది దినాలలోనే తనంతట తాను పూడుకొంటుంది. నేడు చాలామంది వైద్యులు దానికి వేరుగా కుట్టు కూడ వేయరు. అన్నిటికంటె పైదైన చర్మం వారం, పది దినాలలో అతుక్కొంటుంది. నడుమనున్న మోతపొరకు మాత్రం నెలలు పడుతుంది. కంటికి కనిపించేది ముందు మానుతుంది, బరువు మోసేది చివర మానుతుంది. మా నేతగాడు మోసపోయినది ఇక్కడే.

కుడివైపు క్రింద వచ్చే అపెండిక్సు నొప్పికి మరొక దారి ఉన్నది. న్యూయార్కు వైద్యుడు చార్లెస్ మెక్‌బర్నీ 1894లో వివరించిన కోత అది. అక్కడ పొట్టగోడలో మూడు పలుచని కండరాలు ఒకదాని క్రింద ఒకటి ఉంటాయి. పైదాని పీచులు జేబులో చేయి పెట్టుకొన్నప్పుడు వ్రేళ్ళు పోయే దిక్కుకు, అనగా క్రిందికీ లోపలికీ వాలుతాయి. రెండవదాని పీచులు దానికి అడ్డంగా పైకి పోతాయి. మూడవదాని పీచులు అడ్డముగా నడుము చుట్టూ సాగుతాయి. మెక్‌బర్నీ చేసిన మేలు ఏమంటే, ఏ కండరాన్నీ అడ్డంగా కోయకుండా, దేని పీచు వెంబడి దానిని విడదీసి లోపలికి పోవడం. పని ముగిసి చేయి తీసివేయగానే మూడు కిటికీలు మూడు దిక్కులకు మూసుకొంటాయి. నులక మంచం అల్లికను ప్రక్కకు త్రోసి వ్రేలు దూర్చి తీసినట్లుంటుంది. అందుకే ఆ కోతలో హెర్నియా అరుదు.

ఆ నొప్పి గురించి తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ప్రేగును కోసినా, చిటికెడు పట్టినా మనిషికి అంతగా తెలియదు. సాగదీస్తేనే బాధ, అదీ ఎక్కడిదో తెలియని బాధ. పొట్టగోడకు అంటుకొని ఉన్న ఆంత్రవేష్టనానికి మాత్రం చర్మానికున్నంత స్పర్శ ఉంది. అందుచేత అపెండిక్సు వాపు మొదట బొడ్డు చుట్టూ తెలిసీ తెలియని నొప్పిగా మొదలై, వాపు గోడను తాకినప్పుడు కుడివైపు క్రిందికి దిగి ఒక్కచోట నిలుస్తుంది. బిడ్డ నొప్పి ఆ విధంగా చోటు మారిందంటే లోపలి పొర కబురు పంపిందని అర్థం. అప్పుడు ఆముదం పట్టించి విరేచనాలు చేయించడం చాలా ప్రమాదం. అపెండిక్సు పగిలిపోవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

తల్లులకు ఎక్కువగా తెలిసినది కాన్పు కోత. నేడు సాధారణంగా పొత్తికడుపు అడుగున అడ్డంగా పెడుతున్న కోతకు 1900లో జర్మనీ వైద్యుడు హెర్మన్ ఫానెన్‌స్టీల్ బాట వేశాడు. చర్మం, క్రొవ్వు, మోతపొర ఈ మూడింటిని కోస్తారు. దాని క్రింద నిలువుగా ఉన్న జంట కండరాలను సాధారణంగా కోయరు. నడిమిన తెర తొలగించినట్లు ఇరుప్రక్కలకు జరుపుతారు. ఆ తరువాత ఆంత్రవేష్టనం తెరచి, మూత్రాశయాన్ని క్రిందికి జరిపి, గర్భాశయపు గోడను కోసి బిడ్డను బయటికి తీస్తారు. “కండలన్నీ కోసేశారమ్మా, ఇక ఏ పనికీ పనికిరాను” అని దుఃఖించే తల్లులను ఎందరినో చూచాను. ఆ దుఃఖం అవసరం లేదు. అవసరమైన జాగ్రత్త వేరొకటి ఉంది. గర్భాశయం మీది మచ్చ కూడ బలపడడానికి గడువు కావాలి. కనుక మరల గర్భం ధరించడానికి కనీసం 18 నెలలైనా ఎడం ఉంచమని వైద్యులు చెబుతారు. ఈ మాట భర్తలూ, అత్తగార్లూ కూడ వినవలెను.

ఆ కాన్పుకు ముందు వెన్నులో వేసే సూది గురించి ఇంకా పెద్ద భయం ఉంది. ఆ సూది చర్మం, క్రొవ్వు దాటి, వెన్నుపూసల ముళ్ళను కలిపే బంధకాలను దాటి, పసుపుపచ్చని గట్టి బంధకాన్ని గుచ్చినప్పుడు వైద్యుని వ్రేళ్ళకు చిన్న సడలింపు తెలుస్తుంది. తరువాత వెన్నుపాము చుట్టూ ఉన్న నీటిసంచి పొరలు. అసలు వెన్నుపాము పెద్దవారిలో నడుము మొదటి, రెండవ పూసల వద్దనే ముగుస్తుంది. సూది వేసేది దానికి దిగువన. సూది తరువాత కొన్ని దినాలు తలనొప్పి రావచ్చు. ఏండ్ల తరబడి ఉండే నడుమునొప్పికి ఆ సూదే కారణమని మాత్రం పరిశోధనలు తేల్చలేదు. గర్భం మోయడం, వంగి పని చేయడం, బిడ్డను ఎత్తుకొనడం వంటివి ఆ నొప్పికి కారణాలుగా మన కళ్ళ ముందే ఉన్నవి.

పొరల విద్యకు మన వేలూరు పట్టణం పెద్ద బడి. 1870లో రాణిపేటలో పుట్టిన ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో ఆరంభించిన వైద్యశాల నేడు ప్రపంచమెరిగిన క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి. ఆమె చెట్ల నీడన రోగులను చూచిన దారి వైద్యశాలలు ఈ గుడియాత్తం రోడ్డు వెంబడి నడిచినవే. 1977 నుండి ఆ సంస్థవారి గ్రామీణ ఆరోగ్య, సామాజిక విభాగం రూసా మన కే.వి.కుప్పంలోనే పని చేస్తున్నది.

ఆ ఆసుపత్రిలో 1948లో పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధితో వ్రేళ్ళు వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. మన వాడుకలో ‘నరం’ అనే ఒక్క మాట మూడింటికి చెల్లుతుంది. నెత్తురు పారే సిరను, స్పర్శను మోసే నాడిని, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువును కూడ నరమనే అంటాము. ఆ వ్యాధిలో చెడేది నాడి. నాడి చెడితే దాని అధీనంలోని కండరం పడిపోతుంది, వ్రేలు ముడుచుకొంటుంది. బ్రాండ్ చేసినది, చెడని వేరొక కండరపు స్నాయువును మళ్ళించి ఆ వ్రేలికి కుట్టడం. అయితే స్నాయువు జారుతూ పనిచేయాలి. గరుకు పొరల గుండా లాగితే అంటుకొని నిలిచిపోతుంది. మెత్తని పొరల గుండా దారి చేస్తేనే కదులుతుంది. ఎంత బాగా కుట్టామన్నది ఒక ఎత్తు, ఏ పొరలో నడిపించామన్నది మరొక ఎత్తు. భిక్షకు చాచిన చేతులు ఆ విధంగా పనిముట్టు పట్టిన చేతులైనవి.

1971లో అదే ఆసుపత్రిలో మూత్రపిండ మార్పిడి విజయవంతంగా జరిగింది. మనదేశంలో విజయవంతమైన వాటిలో అది మొదటిది. కొత్త మూత్రపిండాన్ని పాతదాని స్థానంలో పెడతారని చాలామంది అనుకొంటారు. సాధారణంగా అలా పెట్టరు. పొత్తికడుపు ప్రక్కన కోసి, కండరాలను దాటి, ఆంత్రవేష్టనం దాకా పోయి అక్కడ ఆగుతారు. దానిని తెరవకుండా సంచి వలె ప్రక్కకు నెట్టి, ఆ చోటులో మూత్రపిండాన్ని పెట్టి కాలికి పోయే రక్తనాళాలకు కలుపుతారు. ప్రేగులున్న గది తలుపు తీయనే తీయరు. ఎక్కడ ఆగాలో తెలియడం కూడ విద్యలో భాగమే.

తలమీది గాయం సంగతి పిల్లలకు కూడ పనికి వస్తుంది. తలమీద అయిదు పొరలు: చర్మం, దట్టమైన పీచు పొర, గట్టి టోపీ వంటి పొర, వదులైన పొర, ఎముకను అంటిన పొర. దట్టమైన పీచు పొర రక్తనాళాలను నలుప్రక్కలా పట్టి ఉంచడంవల్ల తెగినప్పుడు అవి ముడుచుకోలేవు. అందుకే చిన్న దెబ్బకు కూడ తల నుండి ధారగా నెత్తురు కారుతుంది. కంగారుపడి పసుపూ, కాఫీపొడీ అద్దవద్దు. శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమిపట్టి వైద్యుని వద్దకు రండి.

ఇప్పుడు మానుదల మాట. చర్మపు గాయాలమీద జరిగిన పరిశోధనల ప్రకారం మొదటి వారంలో గాయానికి స్వంత బలం చెప్పుకోదగినంత ఉండదు. భారమంతా దారానిదే. మూడు వారాలకు పూర్వపు బలంలో సుమారు అయిదవ వంతు వస్తుంది. మూడు నెలలకు సుమారు 80 శాతం. నూరు శాతం ఎన్నటికీ రాదు. పొట్టగోడలోని మోతపొర అంతకంటె త్వరపడుతుందని ఆశించరాదు. అయిదవ వంతు బలం వచ్చిన నాడు మా నేతగాడు మగ్గం గుంతలో దిగాడు.

కుట్టేవారి బాధ్యత కూడ తక్కువది కాదు. 1976లో జెంకిన్స్ అనే ఆంగ్ల వైద్యుడు, పొట్టగోడ కుట్టడానికి వాడే దారం కోత పొడవుకు కనీసం నాలుగింతలు ఉండాలని లెక్క కట్టాడు. దారం తక్కువైతే, పొట్ట ఉబ్బినప్పుడు అది పొరను కోసుకొని బయటికి వస్తుంది. 2015లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, పెద్ద కుట్లు వేసినవారిలో ఏడాదికి 21 శాతం మందికి హెర్నియా వస్తే, అర సెంటీమీటరు ఎడంతో చిన్న చిన్న కుట్లు దగ్గరగా వేసినవారిలో 13 శాతానికే వచ్చింది. గుడియాత్తంలో లుంగీ అంచు మడిచి కుట్టే చెల్లెమ్మను అడిగితే ఈ సంగతి ఎప్పుడో చెప్పి ఉండేది.

నేడు కెమెరా గొట్టంతో చిన్న రంధ్రాల గుండా చేసే శస్త్రచికిత్సలు వచ్చాయి. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె ఆ విధంగా పిత్తాశయాన్ని తొలగించాడు. మనదేశంలో 1990లో బొంబాయిలో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియా ఆ పద్ధతిని ప్రవేశపెట్టారు. రంధ్రం తరచుగా బొడ్డు వద్దనే పెడతారు. ఎందుకంటే అక్కడ చర్మమూ, మోతపొరా, ఆంత్రవేష్టనమూ దాదాపు కలిసిపోయి పొట్టగోడ అతి పలుచగా ఉంటుంది. తల్లితో మనకున్న బంధం తెగిన చోటు అది. కోత చిన్నదైనా పొరలు అవే అన్న మాట మరువరాదు.

మానుదలకు కావలసిన ముడిసరకు మన వంటింట్లో ఉంది. “పప్పు తింటే చీము పడుతుంది” అని మన ఇండ్లలో పథ్యం పెడతారు. కొల్లాజన్ పీచు మాంసకృత్తులతో తయారవుతుంది. పప్పు, గుడ్డు, పాలు మానిపిస్తే నూలు ఇవ్వకుండా గుడ్డ నేయమన్నట్లే. ఆ పీచు గట్టిపడడానికి సి విటమిను కావాలి. 1740లో ఆన్సన్ అనే ఆంగ్ల నౌకాధిపతి వెంట సముద్రయానానికి బయలుదేరినవారు తాజా కూరలూ పండ్లూ లేక స్కర్వీ వ్యాధి పాలైనారు. వారిలో ఒక ముసలివానికి అయిదు దశాబ్దాల క్రిందట, 1690 నాటి యుద్ధంలో తగిలి ఎన్నడో మానిన గాయం మరల తెరుచుకొన్నదని ఆ యాత్రా వృత్తాంతంలో వ్రాయబడి ఉంది. మచ్చ అంటే పని ముగిసిన చోటు కాదు. శరీరం దానిని జీవితాంతం విప్పి నేస్తూనే ఉంటుంది. కనుక ఉసిరి, జామ, నిమ్మ తినండి. మధుమేహాన్ని అదుపులో ఉంచుకోండి. బీడీ, సిగరెట్టు మానండి. పొగ రక్తాన్ని తగ్గిస్తుంది, దగ్గు కుట్లను లాగుతుంది.

పెద్ద కోత అయినవారు మంచం పట్టి కూర్చోనక్కరలేదు. నడవడం మంచిదే, ఎంత త్వరగా నడిస్తే అంత మేలు. బిందెలు, బస్తాలు, మగ్గం, గడ్డపార మాత్రం సుమారు ఆరు వారాలు ముట్టవద్దని సాధారణంగా చెబుతారు. మీ కోతను బట్టి మీ వైద్యుడు చెప్పిన గడువే మీకు ప్రమాణం. దగ్గు వచ్చినప్పుడు దిండును పొట్టకు హత్తుకొనండి. మచ్చమీద ఉబ్బు కనిపిస్తే సిగ్గుపడి చీరకుచ్చెళ్ళలో దాచుకోవద్దు. త్వరగా వస్తే త్వరగా సరిచేయవచ్చు.

ఇక ఆ నేతగాని కథ ముగిస్తాను. రెండవమారు శస్త్రచికిత్సకు ముందు ఆయన మంచం ప్రక్కన కూర్చుని, కాగితంమీద పొరలన్నీ గీచి, ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను. విడిపోయిన చోట సన్నని వల వంటి గుడ్డ వేసి కుడతానన్నాను. ఆయన శ్రద్ధగా విని, “అంచుకు అంచు పెట్టి కుట్టవద్దు సామీ, నిలవదు. నలుప్రక్కలా నాలుగు వ్రేళ్ళు పైకి పొర్లించి వేయండి” అన్నాడు. నేను నిర్ఘాంతపోయాను. శస్త్రవైద్య గ్రంథాలు చెప్పేదీ అదే. పొరల సంగతి తెలుగులో చెప్పగానే ఆయన ఆ పనిలో నాకు సహాధ్యాయి అయినాడు. ఆ కుట్టు నిలిచింది. ఆ మారు ఆయన మూడు నెలలు మగ్గం జోలికి పోలేదు. ఎందుకు పోరాదో ఆయనకు తెలుసు గనుక.

ఆనాటి నుండి నేనొక నియమం పెట్టుకొన్నాను. రోగి తన కోత పొరలను తన మాటలలో నాకు తిరిగి చెప్పేవరకు పత్రం మీద సంతకం తీసుకోలేదు. మీరు కూడ ఏ ఆసుపత్రికి పోయినా నాలుగు ప్రశ్నలు నిస్సంకోచంగా అడగండి. ఏయే పొరలు కోస్తారు? ఏ పొరను దేనితో కుడతారు? అది ఎప్పటికి బలపడుతుంది? అంతవరకు నేను ఏమి చేయరాదు? తెలుగులో అడగండి, తెలిసిన భాషలో సమాధానం వచ్చేవరకు అడగండి. అది మీ హక్కు. ఈ బడిలో చదివి వైద్యులు, నర్సులు కాబోయే పిల్లలకు నా మనవి ఒక్కటే. పెద్ద చదువు ఏ భాషలో చదివినా, మంచంమీద ఉన్న మనిషికి అర్థమయ్యే మాటలో ఆ చదువును దించి చెప్పండి. నల్లబల్లమీద మా గురువుగారు గీచిన మూడు గీతలు నాకు చేసిన మేలు అది. ఆ ఋణంలో కొంచెమైనా ఈనాడు ఈ సభలో తీర్చుకొన్నానని తలుస్తున్నాను.